మంచుపై మహిళల పోటీ

గ్రానైటు రాతిని మంచుగడ్డపై జారవిడిచి, అది మరింత దూరము సాగుటకై దాని ముందు చీపుళ్లతో రాచుచు, గురివలయమునకు చేర్చు క్రీడ కర్లింగు. కెనడాలో పురుషులకు జాతీయ పోటీ 1927లో టొరంటోలో ఆరంభమైనది. మాంట్రియల్ స్త్రీలు 1894లోనే సంఘము నెలకొల్పుకొన్నను, జాతీయ పోటీకై మహిళలు 1961 వరకు వేచియుండవలసి వచ్చినది. ఆ యేడు ఒట్టావాలో, డొమీనియన్ స్టోర్సు అను వర్తకసంస్థ పోషణమున తొలి పోటీ జరుగగా, జాయిస్ మెకీ నాయకత్వమున సస్కాచవాన్ జట్టు గెలిచినది.

1967తో ఆ పోషణము ముగిసినది. 1972లో మరియొక సంస్థ ముందుకు వచ్చువరకు పోషకులు లేకయే పోటీ ఏటేటా సాగినది. 1969 మొదలు 1973 వరకు ఐదేండ్లును విజయము సస్కాచవానుదే. ధనము తొలగిన దినములలో ఆటను నిలిపినది ఆ స్త్రీల పట్టుదలయే యని మేము తలంచుచున్నాము.