ఓరుగల్లు సీమలో సంతానపు లెక్క

పెండ్లిపందిరిలో పెద్దలు వధువును "అష్టపుత్రా సౌభాగ్యవతీ భవ" అని దీవించుట తెలుగునాట తరతరాల ఆచారము. ఈ దీవెనలో అత్యాశ ఏమియు లేదు. ఎనిమిది కాన్పులైనచో కొందరు బిడ్డలైనను దక్కుదురని తలచిన కాలమున పుట్టిన మాట అది. మశూచి, కలరా, చలిజ్వరము పల్లెలను విడువక పీడించుచుండగా, కన్నబిడ్డ చేతికి అందివచ్చునో లేదో యను భయము ప్రతి తల్లికిని ఉండెను. మేడారము గద్దెలకడ సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారమని బెల్లము సమర్పించెడి మ్రొక్కులలో సంతానము కొరకు మ్రొక్కినవి నేటికిని అనేకములు. ఓరుగల్లు సీమలో జనము ఎట్లు పెరిగెనో, ఆ పెరుగుదల ఎట్లు మందగించెనో గ్రహించుటకు ఈ భయమునుండియే మొదలిడవలెను.

నిజాం రాజ్యమున మొదటి జనగణన 1881లో జరిగినది. నాటి రాజ్యపు జనాభా సుమారు 98 లక్షలు. 1891 నాటికి అది 115 లక్షలయ్యెను. 1901లో లెక్కింపగా 111 లక్షలే తేలినవి. పదేండ్లలో పెరుగుటకు మారుగా నాలుగు లక్షలు తరిగినవి. 1899-1900 నాటి కరవును, దాని వెంటనంటి వచ్చిన వ్యాధులును చేసిన పని యది. 1911లో 134 లక్షలకు ఎగబ్రాకిన సంఖ్య, 1921 నాటికి మరల 125 లక్షలకు దిగెను. ఈ నడుమనే 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి లోకమునంతటిని చుట్టుముట్టినది. 1931లో లెక్క 144 లక్షలు. అటుపిమ్మట జనాభా వెనుకకు పోయిన దశాబ్దము లేదు. కరవునాట కాన్పులు తగ్గుట నిజమే. తిండి లేని దేహమునకు గర్భము నిలుచుట కష్టము. మగవాడు కూలి వెదకికొనుచు దేశాంతరము పోవును. అయినను ఆ కాలపు హెచ్చుతగ్గులలో పెద్దపాలు మరణములదే.

పూర్వము స్త్రీలు అడ్డులేక కనిరనుటయు సరికాదు. బిడ్డకు రెండు మూడేండ్లు పాలిచ్చుటచేత మరుసటి గర్భము సహజముగనే ఆలస్యమగుచుండెను. తొలికాన్పునకు పుట్టింటికి పోవుట, ఆషాఢమాసమున కొత్తకోడలిని అత్తవారింట నుంచకుండుట వంటి ఆచారములును దంపతులకు ఎడము కల్పించినవి. వీటన్నిటికంటె కఠినమైన అడ్డు బాలవితంతుత్వము. పసితనమున పెండ్లి, యౌవనము రాకమునుపే వైధవ్యము, ఆపై పునర్వివాహ నిషేధము. కందుకూరి వీరేశలింగము 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది ఈ నిషేధమునకు ఎదురొడ్డియే. మారుమనువు ఆచారముగా గల కులములందు మాత్రము ఈ కట్టుబాటు లేదు. ఆ విషయమున అగ్రవర్ణములకంటె వారే మానవత్వమునకు దగ్గరగా నుండిరని చెప్పవలసియున్నది. ఆడపిల్ల వివాహమునకు 14 ఏండ్లు నిర్ణయించిన 1929 నాటి శారదా చట్టము బ్రిటిషు ఇండియాకే పరిమితమైనది. నిజాం రాజ్యమునకు వర్తింపలేదు. కావుననే 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన సమావేశమైన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభలో సంఘసంస్కరణమును గూర్చి వాడివాడి చర్చలు జరిగినవి.

దేశము స్వతంత్రమైన తరువాత మొదట మారినది మరణము, జననము కాదు. 1953లో మలేరియా నియంత్రణ పథకము ఆరంభమై, ములుగు అడవి చెంత పల్లెలవంటి చోట్లకును మందు చల్లువారు వచ్చిరి. 1959లో వరంగల్లున కాకతీయ వైద్యకళాశాల వెలసెను. మశూచి 1975తో దేశమున అంతరించినది. పూర్వము పాడెనెక్కిన పసివారు ఇప్పుడు బడికి పోవసాగిరి. తల్లిదండ్రులు మాత్రము పాత లెక్కనే నమ్మి కనుచుండిరి. ఒక స్త్రీ జీవితకాలమున సగటున కను బిడ్డల సంఖ్యను సంతాన రేటు అందురు. 1971లో ఆంధ్రప్రదేశమున అది 4.6, దేశమున 5.2. పుట్టినవారిలో ఎక్కువమంది బ్రదుకుటయే జనము ఉప్పొంగుటకు హేతువు. లోకమంతట ఇదే క్రమము కనబడును: మొదట మరణములు తగ్గును, బిడ్డలు దక్కుదురను ధైర్యము తల్లులకు కుదిరిన పిదపగాని జననములు తగ్గవు.

ప్రభుత్వము 1952లోనే కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమముగా చేపట్టెను. ఎర్రని త్రికోణము గోడలకెక్కినది. "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అను నినాదము పసిపిల్లల నోటను పలికెను. ఆ తొలిదినములలో శస్త్రచికిత్స ఎక్కువగా పురుషులకే జరుగుచుండెను. అత్యవసర పరిస్థితి కాలమున, 1976-77 ఒక్క సంవత్సరములోనే, దేశమందు 82 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు చేసిరి. అందు నాలుగింట మూడువంతులు పురుషులవి. లక్ష్యములు విధించి, బలవంతముగ జరిపిన ఆ పనివలన ప్రజలలో రోషము పుట్టెను. 1977లో ప్రభుత్వమే మారిపోయెను. కార్యక్రమమునకు 'కుటుంబ సంక్షేమము' అని పేరు మార్చిరి. పేరుతోపాటు భారమును చేతులు మారినది. అప్పటినుండి కత్తి క్రిందకు పోయినది స్త్రీయే.

తెలుగునాట జరిగిన వింత దీని తరువాతిది. ఆడపిల్లలు చదువుకొని, ఆలస్యముగ పెండ్లాడి, సంసారపు స్థితి మెరుగైనచో సంతానము తగ్గునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కేరళము ఆ దారినే నడచినది. ఆంధ్రప్రదేశము అట్లు నడువలేదు. 1991లో ఇచ్చటి స్త్రీల అక్షరాస్యత నూటికి 33. దేశపు సగటు 39. అయినను సంతాన రేటు ఇచ్చట 3.0, దేశమున 3.6. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలనుబట్టి రాష్ట్రపు రేటు 1998-99లో 2.25, 2005-06లో 1.79. అనగా తల్లిదండ్రుల స్థానమును భర్తీచేయుటకు వలసిన 2.1 కంటె తక్కువ. కావున గ్రంథాలయములును పాఠశాలలును వచ్చి సంతానమును తగ్గించెనని చెప్పుకొనుట ముచ్చటయే గాని, చరిత్రకు సరిపడదు. 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము నెలకొల్పినవారు చేసిన మేలు వేరు. ఈ మార్పు చాలవరకు చదువురాని తల్లుల నిశ్చయము.

ఆ నిశ్చయమునకు హేతువులు పల్లెలోనే కలవు. తండ్రి చెలక ముగ్గురు కొడుకులకు పంచగా ఎవరి పాలును కాపురమునకు చాలదు. పిల్లవాడు పశువుల వెంటపోవు కాలము గతించి, జీతము కట్టి బడికి పంపు కాలము వచ్చెను. సంపాదించు చేయి కాస్త వ్యయము కోరు నోరయ్యెను. పొరుగింటి పసివాడు బ్రదుకుట కంటితో చూచిన ఇల్లాలు రెండవ కాన్పుతోనే చాలుననుకొనెను. కాని ఆమెకు చేరువనున్న సాధనము ఒక్కటే: కు.ని. ఆపరేషన్. పదునెనిమిదేండ్లు నిండియు నిండకమునుపే పెండ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, ఇరువదిమూడేండ్ల ప్రాయమునకే శస్త్రచికిత్స. ఇది వేలాది ఇండ్ల కథ. 2005-06లో రాష్ట్రమందలి వివాహితలలో నూటికి 63 మంది ఈ చికిత్స చేయించుకొన్నవారే. ఎడము పాటించుటకు వాడు ఇతర సాధనములు బహు స్వల్పము. జనాభా తగ్గింపును విజయమని సభలలో కొనియాడినవారు, నడుమునొప్పితో వరినాట్లకు వంగిన ఆ స్త్రీల మాట అంతగా తలచినట్లు కనబడదు.

ఫలితములు ఇప్పుడు ఊరూర కనబడుచున్నవి. అవిభక్త వరంగల్లు జిల్లా జనాభా 1991-2001 నడుమ నూటికి 15 వంతున పెరుగగా, 2001-2011 నడుమ 8 మాత్రమే పెరిగి 35,12,576 అయ్యెను. ఇందు వలసల పాలు కూడ కలదు. సూరతు, భివండి మగ్గములకు పోయిన పద్మశాలీల సంసారములెన్నియో. 2019-21 సర్వేలో తెలంగాణ సంతాన రేటు 1.75, దేశమునది 2.0.

చట్టము ఈ మార్పును వెంబడించిన తీరు విచిత్రము. 1994 నాటి పంచాయతిరాజ్ చట్టము ఇద్దరికంటె ఎక్కువమంది బిడ్డలుగలవారు స్థానిక ఎన్నికలలో పోటీచేయరాదని విధించెను. సర్పంచి పదవి కొరకు మూడవ బిడ్డను దత్తు ఇచ్చినవారును, తమ బిడ్డే కాదనినవారును ఉండిరని పరిశోధకులు వ్రాసిరి. బిడ్డలు తగ్గిపోవుచున్నారను విచారము బయలుదేరగా, ఆంధ్రప్రదేశ శాసనసభ 2024లో ఆ నిబంధనను తొలగించెను. 2025లో తెలంగాణ మంత్రివర్గమును అట్లే నిశ్చయించెను.

లోక్‌సభ స్థానముల లెక్క ఇంతకంటె చిక్కైనది. సంతానమును తగ్గించిన రాష్ట్రములకు నష్టము కలుగకుండుటకై 1976లో 42వ రాజ్యాంగ సవరణము రాష్ట్రముల స్థానసంఖ్యను 1971 జనగణన ప్రకారము నిలిపివేసెను. 2001లో 84వ సవరణము ఆ కట్టును 2026 తరువాత జరుగు మొదటి జనగణనవరకు పొడిగించెను. ఇరువదిమూడేండ్లకే ఆపరేషన్ బల్లనెక్కిన వర్ధన్నపేట, పరకాల, నర్సంపేట పల్లెల తల్లులకు ఈ సవరణల సంగతి తెలియదు. వారిలో చాలమందికి ఇప్పుడు మనుమలు ఇద్దరో ఒక్కరో. ఆ ఒక్కరును హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు.