ఒకే దరఖాస్తు, మూడు తెరలు

తెలంగాణలోని వేంసూరులో ఒక పామాయిల్ రైతు ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవకు వెళ్లాడనుకుందాం. ఆపరేటర్ తెర మీద అది నింపాల్సిన ఫారం. తహసీల్దారు లాగిన్‌లో డిజిటల్ సంతకానికి వచ్చిన ఫైలు. రైతు ఫోన్లో దరఖాస్తు నంబరుతో ఒక మెసేజ్. దరఖాస్తు మాత్రం ఒక్కటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో మొదలైన మీసేవతో మనకిది అలవాటైపోయింది గానీ, ఒకే విషయాన్ని పలు తెరల మీద పలు రకాలుగా చూపాలన్న ఆలోచన ఓడలు కట్టేచోటి నుంచి వచ్చింది.

నార్వే ఇంజినీరు ట్రిగ్వే రీన్‌స్కౌగ్ ఓడల డిజైనుకు, నౌకా నిర్మాణ ప్రణాళికలకు సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి. ఓడ ప్లాను ఒకరికి పట్టికగా కావాలి, మరొకరికి పటంగా కావాలి. ఒకచోట తేదీ మారిస్తే రెండోచోటా మారాలి. ఆయన 1978-79లో కాలిఫోర్నియాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో ఉన్నప్పుడు ఈ చిక్కు మీదే కూర్చున్నారు. 1979 మేలో రాసుకున్న నోట్‌లో నాలుగు భాగాలున్నాయి. డిసెంబరుకల్లా అవి మూడయ్యాయి: మోడల్, వ్యూ, కంట్రోలర్. అసలు విషయం మోడల్‌లో ఉంటుంది, కంటికి కనిపించేది వ్యూ; మౌస్, కీబోర్డు దెబ్బలు అందుకునేది కంట్రోలర్. మోడల్ మారగానే దాన్ని చూపిస్తున్న వ్యూలన్నిటికీ కబురు అందుతుంది.

వెబ్ ఈ పేర్లను తీసుకుంది, కబురును వదిలేసింది. తప్పు దానిది కాదు. పేజీ ఒకసారి బ్రౌజర్‌కు చేరాక సర్వర్‌కు దానితో సంబంధం తెగిపోయేది. 2000లో వచ్చిన స్ట్రట్స్, 2004 నాటి రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్కుల్లో కంట్రోలర్ అంటే బ్రౌజర్ అడిగింది విని పేజీ పంపే గుమస్తా. వీటికి అటూ ఇటూ మైక్ పోటెల్ ఎంవీపీ (మోడల్-వ్యూ-ప్రెజెంటర్, 1996), మైక్రోసాఫ్ట్‌లో జాన్ గాస్‌మన్ ఎంవీవీఎం (మోడల్-వ్యూ-వ్యూమోడల్, 2005) వచ్చాయి. మాదాపూర్ ఐటీ ఇంటర్వ్యూల్లో కుర్రాళ్లు అప్పజెప్పే అక్షరాలివే.

2010 నుంచి యాంగ్యులర్‌జేఎస్, బ్యాక్‌బోన్ లాంటి జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్కులు మోడల్‌ను బ్రౌజర్‌లోకే తెచ్చాయి. పాత కబురు మళ్లీ మొదలైంది, కాస్త ఎక్కువగానే. ఫేస్‌బుక్‌లో చదవని మెసేజ్ ఒకటుందని అంకె కనిపించేది, తెరిస్తే కొత్తదేమీ ఉండదు. సరిచేస్తే కొన్నాళ్లకు మళ్లీ అదే. మోడళ్లూ వ్యూలూ ఒకదాన్నొకటి కదుపుతుంటే ఏది ఎవరు మార్చారో ఆనవాలు దొరకదు. 2014లో ఆ సంస్థ ‘ఫ్లక్స్’ అని కొత్త పద్ధతి బయటపెట్టింది: మార్పు ఎప్పుడూ ఒకే దిక్కున ప్రవహించాలి, కాలువ నీళ్లలా. మరుసటి ఏడే ఆ బాటలో రిడక్స్ అనే లైబ్రరీ పుట్టింది.

ఇప్పుడు ఎవరైనా కొత్త అప్లికేషన్‌కు ఏ పద్ధతి మంచిదని అడిగితే, ఒకే సమాచారం ఒకే తెర మీద ఎన్నిచోట్ల కనిపించాలో ముందు లెక్కేసుకోమంటాను. ధ్రువపత్రం ఫారానికి నింపడం, పంపడం, రసీదు తీసుకోవడమే పని. దానికి సర్వర్ పంపే మామూలు పేజీ చాలు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే ఊళ్లో ఫోన్ మీద బరువైన జావాస్క్రిప్ట్ మోపడం దండగ. జిల్లా అధికారి డ్యాష్‌బోర్డులో పెండింగ్ అంకె అయిదుచోట్ల కనిపించాలంటే మాత్రం ఒకే దిక్కు ప్రవాహం ఖర్చుకు తగ్గ ఫలితమిస్తుంది.

తెర మనది కానప్పుడు సంగతి ఇంకా తేటపడుతుంది. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. అక్కడ పేజీ లేదు, చాట్ విండోనే వ్యూ. ఏ కాగితాలు జతచేయాలి, ఏ దరఖాస్తు ఎవరి సంతకానికి వెళ్లాలి అన్న నియమాలను పేజీలోనే ఇరికించి రాసినవాళ్లు ఇలాంటి మార్పు వస్తే అన్నీ మొదటి నుంచి రాసుకోవాలి. మోడల్‌లో పెట్టుకున్నవాళ్లకు ఇంకో వ్యూ తగిలిస్తే సరిపోతుంది.