ఇద్దరాడవాళ్ళూ, ఒక పసుపుపచ్చ చొక్కా

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. ఈ మాటకి ఇంతకన్నా గట్టి ఉదాహరణ లోకంలో దొరకదేమో అనిపించే కథ ఒకటుంది. సైకిలు పందేల కథ. "సైకిలు పందేలతో మాకేం పని, అవి మగపిల్లల గొడవలు" అని పేజీ తిప్పెయ్యకండి. ఈ కథలో గెలిచిన మొనగాడు ఒకడైతే, ఆ గెలుపు ఎలాంటిదో ముందువరసలో నిలబడి చెప్పినవాళ్ళు ఇద్దరాడవాళ్ళు. ఒకామె అతనికి ఒళ్ళు పట్టిన మనిషి. రెండో ఆమె అతని స్నేహితుడి భార్య. వాళ్ళ వెనక పెద్ద పేరూ లేదు, డబ్బూ లేదు. విన్నదీ కన్నదీ తప్ప వాళ్ళ చేతిలో మరో ఆధారం లేదు.

ముందు పందెం సంగతి చెప్పాలి. దాని పేరు టూర్ ద ఫ్రాన్స్. ఫ్రాన్సులో 1903లో 'లోటో' అనే క్రీడాపత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి మొదలుపెట్టింది. పత్రికలవాళ్ళ తెలివి ఏ దేశంలోనైనా ఒకటే కదూ! ఆ పత్రికని పసుపుపచ్చ కాగితం మీద అచ్చు వేసేవారు. 1919 నుంచి పందెంలో ముందున్నవాడికి ఆ రంగు చొక్కాయే తొడగడం మొదలుపెట్టారు. మూడు వారాలపాటు, సుమారు మూడున్నర వేల కిలోమీటర్లు తొక్కాలి. దారిలో ఆల్ప్స్, పిరనీస్ కొండలెక్కి దిగాలి. మనం రెండంతస్తుల మేడ ఎక్కి "అమ్మయ్య" అని కూలబడతాం. వాళ్ళు ఒక కొండ దిగీ దిగగానే ఇంకో కొండ ఎక్కుతారు.

ఒళ్ళు తట్టుకోలేని పని పెడితే ఒంటికి ఏదో ఒకటి పోయక తప్పదనుకున్నారు కాబోలు, మొదటినుంచీ ఈ పందేల వెంట మందులు నడుస్తూనే వున్నాయి. 1924లో పెలిసియే సోదరులని పేరుమోసిన ఆటగాళ్ళు మధ్యలో పందెం మానేసి, ఒక కాఫీ హోటల్లో కూర్చుని, ఆల్బేర్ లోంద్ర్ అనే పాత్రికేయుడి ముందు తమ సంచులు విప్పి చూపించారు. కళ్ళకి కొకైన్, చిగుళ్ళకి క్లోరోఫామ్, ఇంకా రకరకాల మాత్రలు! 1967 జులై 13న టామ్ సింప్సన్ అనే ఇంగ్లీషు కుర్రాడు మండుటెండలో వాంతూ కొండ ఎక్కుతూ సైకిలు మీంచి పడి ప్రాణం వదిలాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. అతని చొక్కా జేబులోనూ, రక్తంలోనూ ఉత్తేజం కలిగించే ఆంఫెటమిన్ మందు దొరికింది. అంచేత మన కథానాయకుడు ఈ పాపాన్ని కనిపెట్టినవాడు కాదు. న్యాయానికి ఆ మాట ముందే చెప్పుకోవాలి.

అతని పేరు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పుట్టాడు. అప్పటికి తల్లికి పదిహేడేళ్ళు. చిన్నప్పుడే తండ్రి వదిలి వెళ్ళిపోతే, ఆవిడే కష్టపడి పెంచింది. 1993లో ప్రపంచ విజేత అయ్యాడు. 1996 అక్టోబరులో, పాతికేళ్ళ వయసులో, కాన్సరని తేలింది. అప్పటికే వూపిరితిత్తులకీ మెదడుకీ పాకింది. మెదడుకి ఆపరేషను చేశారు, కీమోథెరపీ ఇచ్చారు. బతికాడు. బతకడమే కాదు, 1999లో తిరిగివచ్చి టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఆ తర్వాత వరసగా 2005 దాకా గెలుస్తూనే వున్నాడు. మొత్తం ఏడుసార్లు!

ఇలాంటి కథ వింటే ఎవరి కళ్ళు చెమర్చవు? తన జబ్బు గురించి పుస్తకం రాశాడు. కాన్సరు రోగులకోసం సంస్థ పెట్టాడు. 2004లో ఆ సంస్థ పసుపుపచ్చ రబ్బరు పట్టీలు తయారుచేయించి డాలరుకొకటి చొప్పున అమ్మితే, కోట్లమంది కొని చేతికి వేసుకున్నారు. పసుపుపచ్చ అంటే మనకి శుభం. వాళ్ళకి ధైర్యమైంది. ఆస్పత్రి మంచాల మీద వున్నవాళ్ళు కూడా ఆ పట్టీ చూసుకుని "అతను బతికాడు కదా, నేనూ బతుకుతాను" అనుకున్నారు. ఆ ధైర్యం అబద్ధమని నేననను. అసలు చిక్కంతా అక్కడే వుంది.

ఇక మందు సంగతి. రక్తహీనత అంటే మనలో తెలియనివాళ్ళుండరు. మన మూత్రపిండాలు ఒక హార్మోనును తయారుచేసి, "ఎర్రకణాలు తయారుచెయ్యి" అని ఎముకల మూలుగకి కబురు పంపుతాయి. ఆ హార్మోను పేరు ఎరిత్రోపాయిటిన్, పొట్టిగా ఇపిఓ. మూత్రపిండాలు చెడినవాళ్ళలో ఈ కబురు అందదు, రక్తం తగ్గిపోతుంది. వాళ్ళకోసం శాస్త్రజ్ఞులు దీన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. రోగులపాలిటి అమృతం! కానీ ఆరోగ్యంగా వున్న ఆటగాడు ఇదే ఇంజెక్షను వేసుకుంటే ఎర్రకణాలు పెరిగి, కండరాలకి ప్రాణవాయువు ఎక్కువ అంది, కొండ తేలిగ్గా ఎక్కేస్తాడు. మరీ ఎక్కువైతే రక్తం చిక్కబడి గుండెకి ముప్పు. 1990ల్లో సైకిలు పందేలని ఈ మందు ముంచెత్తింది. పట్టుకునే పరీక్ష 2000 దాకా లేదు. అందుకని 1997లో అధికారులు ఒక గీత గీశారు. నూరు పాళ్ళ రక్తంలో ఎర్రకణాలు యాభై పాళ్ళు దాటితే పందెం నుంచి పక్కన పెట్టేవారు. దొంగ ఎంతవరకు దొంగిలించవచ్చో చెప్పినట్టయింది!

ఇప్పుడు మొదటి ఆవిడ దగ్గరికి వద్దాం. పేరు ఎమ్మా ఓరైలీ. ఐర్లండు మనిషి. చదువుకున్నది కరెంటు పని, తర్వాత మాలీషు నేర్చుకుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టుకి డబ్బు పెట్టింది అమెరికా తపాలాశాఖ. ఆ జట్టులో ఆటగాళ్ళ కాళ్ళు పట్టడం, సీసాలు నింపడం, బట్టలుతికించడం ఆమె పని. ఫ్రెంచివాళ్ళు ఆ పని చేసేవాళ్ళని 'స్వాన్యూర్' అంటారు, ఆలనాపాలనా చూసే మనిషి అని అర్థం. ఇంట్లో పనులన్నీ చేసే మనిషికి ఇంటి గుట్టు తెలియకుండా వుంటుందా? 1999 టూర్ ముందు, చేతిమీద సూది గుచ్చిన మచ్చ కనిపించకుండా, మొహం మచ్చలు కప్పుకునే పూత కావాలని అతను ఆమెనే అడిగాడు. అదే పందెంలో అతని మూత్రపరీక్షలో కార్టిజోన్ జాతి మందు జాడ దొరికింది. ఆమె అతనికి మాలీషు చేస్తూ వుండగానే, అక్కడికొచ్చిన జట్టు పెద్దలు ఆలోచన చేశారు. సైకిలు సీటు ఒరిపిడికి పడ్డ పుండుకి పూతమందు వాడాడని, పాత తేదీ వేసి డాక్టరు చీటీ పుట్టించాలని! వాళ్ళ లెక్కలో ఆమె ఆ గదిలో వున్న బల్లతో సమానం. ఆమె చెవులు మాత్రం పనిచేశాయి. నన్ను కూలదొయ్యడానికి కావలసినంత నీకిప్పుడు తెలిసిపోయింది అని అతను తనతో అన్నాడని ఆమె తర్వాత సాక్ష్యం చెప్పింది.

రెండో ఆవిడ బెట్సీ ఆండ్రూ. 1996 అక్టోబరు 27న ఆర్మ్‌స్ట్రాంగ్‌ని చూడడానికి, కాబోయే భర్త ఫ్రాంకీతో కలిసి ఇండియానాపొలిస్ ఆస్పత్రికి వెళ్ళింది. ఫ్రాంకీ కూడా సైకిలు ఆటగాడే, ఒకే జట్టువాళ్ళు. నలుగురూ కూర్చుని వుండగా డాక్టర్లు వచ్చి, ఆట కోసం ఏమైనా మందులు వాడావా అని అడిగారు. ఇపిఓ, టెస్టోస్టిరోన్, గ్రోత్ హార్మోను, కార్టిజోన్, స్టిరాయిడ్లు అని అతను వరసగా చెప్పాడని బెట్సీ వాంగ్మూలం. ఆమె వెంటనే ఫ్రాంకీని బయటికి తీసుకుపోయి, నువ్వూ ఇవి వాడుతున్నట్టయితే మన పెళ్ళి జరగదని చెప్పేసింది. తను వాడటంలేదని అతను నమ్మబలికాడు. ఆ డిసెంబరు 31న పెళ్ళయింది.

కానీ 1999లో పందెం చూస్తూంటే, కొండలెక్కడంలో ఎప్పుడూ వెనకబడే తన మొగుడు ముందువాళ్ళతో సమానంగా ఎక్కుతూ కనిపించాడు. చూసి మురిసిపోలేదావిడ. నిలదీసింది. తనూ ఇపిఓ వాడానని ఫ్రాంకీ 2006లో పత్రికాముఖంగా ఒప్పుకున్నాడు. ఈ ఇంటి మాట నేనెందుకు చెబుతున్నానంటే, బెట్సీ పరాయివాడి తప్పుని వేలెత్తి చూపించి, తనవాడి తప్పుని కొంగుచాటున దాచుకోలేదు.

2004లో డేవిడ్ వాల్ష్ అనే ఐరిష్ పాత్రికేయుడు, పియేర్ బాలెస్టేర్ అనే ఫ్రెంచి పాత్రికేయుడు కలిసి రాసిన పుస్తకంలో ఎమ్మా తన పేరుతోనే అన్నీ చెప్పింది. అంతే! ఆర్మ్‌స్ట్రాంగ్ ఆమె మీద దావా వేశాడు. ఆ సంగతులు అచ్చువేసిన లండన్ పత్రిక మీదా వేశాడు. అది 2006లో మూడు లక్షల పౌండ్లు ఇచ్చుకుని రాజీ పడింది. ఎమ్మా మీద దావా రెండేళ్ళకి పైగా నెత్తిన కత్తిలా వేలాడింది. పైగా తాగుబోతనీ, ఇంకా ఇక్కడ రాయలేని మాటా అన్నాడు. గెలుపు బహుమానం ఇవ్వడానికి సందేహించిన ఒక బీమా కంపెనీ వ్యవహారంలో, 2005లో బెట్సీ, ఫ్రాంకీ ఇద్దరూ ప్రమాణం చేసి ఆస్పత్రి సంగతి చెప్పారు. ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ప్రమాణం చేసి కాదన్నాడు. అదే గదిలో వున్న మరొకావిడ అలాంటి మాట విననేలేదంది. చివరికి కంపెనీయే డెబ్భైఅయిదు లక్షల డాలర్లు చెల్లించింది. బెట్సీకి పిచ్చిదనీ కక్షగట్టిందనీ పేరు మిగిలింది.

ఇంత జరుగుతూంటే జనం ఎందుకు నమ్మలేదంటారు? నాకు బాగా ఆలోచన కలిగించింది ఇదే. ఒకవైపు చావుని గెలిచినవాడు, రోగులకి ఆశ. రెండోవైపు కాళ్ళుపట్టే ఒకామె, పిల్లల్ని పెంచుకునే ఒకామె. అతన్ని నమ్మితే మనసుకి హాయి. వీళ్ళని నమ్మితే ఆ పట్టీ కట్టుకున్న రోగి మొహంలోకి ఎలా చూడాలి? అతను దీన్ని బాగా కనిపెట్టాడు. అడిగినప్పుడల్లా వందల పరీక్షల్లో ఒక్కటీ నన్ను తప్పుపట్టలేదనేవాడు. నేను తీసుకోలేదు అనడానికీ, దొరకలేదు అనడానికీ తేడా వుంది. డబ్బాలో పంచదార తగ్గినప్పుడు పిల్లాడు "నేను తినలేదు" అనకుండా "నువ్వు చూశావా?" అంటే ఏ తల్లికైనా సంగతి అర్థమవుతుంది. ప్రపంచానికి మాత్రం పదమూడేళ్ళు పట్టింది.

2005లోనే లెకిప్ అనే ఫ్రెంచి పత్రిక, 1999లో దాచిపెట్టిన అతని మూత్రంలో కొత్త పరీక్షకి ఇపిఓ బయటపడిందని రాసింది. అప్పుడూ కొట్టిపారేశాడు. 2010లో అతని పాత జట్టులోవాడు ఫ్లాయిడ్ లాండిస్ గుట్టు విప్పాడు. 2012 అక్టోబరులో అమెరికా డోపింగు నిరోధక సంస్థ వెయ్యి పేజీలు దాటిన నివేదిక బయటపెట్టింది. ఇరవై ఆరుగురు సాక్షులు. వాళ్ళలో పదకొండుమంది అతని జట్టులో తొక్కినవాళ్ళే. ఇంజెక్షన్లు, ముందే తీసి దాచుకున్న సొంత రక్తం మళ్ళీ ఎక్కించుకోవడం, పాత తేదీ చీటీ... అన్నీ అందులో వున్నాయి. ఎమ్మా, బెట్సీ ఎప్పుడో చెప్పిన సంగతులే. ఆ నెల 22న ఏడు టైటిళ్ళూ పోయాయి. 2013 జనవరిలో ఓప్రా విన్‌ఫ్రీ టెలివిజన్ కార్యక్రమంలో కూర్చుని, ఏడుసార్లూ మందులతోనే గెలిచానని తన నోటితోనే ఒప్పుకున్నాడు. తపాలాశాఖ డబ్బు సంగతిలో ప్రభుత్వం వేసిన దావాకి 2018లో యాభై లక్షల డాలర్లిచ్చి రాజీ చేసుకున్నాడు.

మరి మన వాళ్ళిద్దరూ? ఎమ్మా 2013లోనే అతన్ని కలుసుకుంది. క్షమించేసింది. మరుసటేడు తను రాసుకున్న పుస్తకానికి అతని చేతే ముందుమాట రాయించింది! బెట్సీ దారి వేరు. అదే టీవీ కార్యక్రమంలో, ఆస్పత్రి గదిలో జరిగినట్టు బెట్సీ చెప్పింది నిజమేనా అని అడిగితే, ఆ ఒక్క ప్రశ్నకీ జవాబు చెప్పనన్నాడు. అన్నీ ఒప్పుకున్నవాడికి ఆ ఒక్క మాట ఎందుకు బరువైందో! ఆ రాత్రి ఆమె మరో టీవీలో తన కోపం దాచుకోలేదు. క్షమించినావిడ గొప్పదా, క్షమించనావిడ గొప్పదా అని పోటీ పెట్టడం నాకిష్టం లేదు. ఒకరి గాయానికి మందు ఇంకొకరు ఎంచలేరు.

టూర్ ద ఫ్రాన్స్ విజేతల పట్టికలో 1999 నుంచి 2005 దాకా గెలిచినవాడి పేరుండవలసిన చోటు ఖాళీగా వుంది. రెండోస్థానంలో వచ్చినవాళ్ళలో కూడా చాలామంది పేర్లు మందుల గొడవల్లో వున్నాయి కనక, ఆ చొక్కాలు ఎవరికీ ఇవ్వకుండా వదిలేశారు. ఏడేళ్ళ ఆ ఖాళీలో అసలు మందు ముట్టకుండా తొక్కి, ఎక్కడో వెనక మిగిలిపోయిన కుర్రాళ్ళు కూడా వుండి వుంటారు. వాళ్ళ పేర్లు మనకెప్పటికీ తెలియవు.

ఎప్పుడైనా ఎవరో ఒకావిడ పెద్దమనిషి గుట్టేదో చెబితే, "అసూయతో అంటోంది, పట్టించుకోకండి" అనేవాళ్ళు మన చుట్టూ బోలెడుమంది. ఈసారి ఆ మాట వినిపిస్తే తల వూపేముందు, ఆవిడ ఏం విన్నదో, ఏ గదిలో విన్నదో ఒక్కసారి అడగండి. అడగడానికి ఖర్చేం లేదు కదా!