నిప్పు తగలని పండగ ఉండ: చీజ్ బైట్స్ నుంచి పల్నాడు చాపకూడు దాకా

డిసెంబర్ వచ్చిందంటే చాలు, ఫోన్ తెరిస్తే ఒకటే రీల్స్: ఓవెన్ లేకుండా చీజ్ బైట్స్, పది నిమిషాల్లో పార్టీ స్నాక్! క్రీమ్ చీజ్‌లో మిరియాల పొడి, కొత్తిమీర కలిపి, ఉండలు చుట్టి, నువ్వుల్లో దొర్లించి ఫ్రిజ్‌లో పెట్టేయడమే. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆఫీసు న్యూ ఇయర్ పార్టీలో వాటిని మొదటిసారి తిన్నాను. నోట్లో పెట్టుకోగానే గుర్తొచ్చింది మాత్రం, నరసరావుపేటలో మా నాయనమ్మ చేసే చిమ్మిలి. ఆ రెండు ఉండల మధ్య ఉన్న కథే ఈ ఎపిసోడ్.

ముందు చీజ్ సంగతి చూద్దాం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్ అనే ఊళ్లో విలియం లారెన్స్ అనే పాల వ్యాపారి 1870ల్లో క్రీమ్ చీజ్ చేయడం మొదలుపెట్టాడు. 1880 నుంచి దానికి ఫిలడెల్ఫియా అని పేరు తగిలించి అమ్మారు. చీజ్‌కీ న్యూ ఇయర్‌కీ సంబంధం అంతకన్నా పాతది. 1802 జనవరి 1న చెషైర్ అనే ఊరివాళ్లు అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కి ఒక చీజ్ దిమ్మె కానుకగా ఇచ్చారు. బరువెంతో తెలుసా? 1,235 పౌండ్లు. అంటే మన లెక్కలో దాదాపు 560 కిలోలు!

మరి మన దగ్గర చీజ్ ఎందుకు లేదు? పాడి లేక కాదు. కోటప్పకొండ కథలో త్రికోటేశ్వరుడికి రోజూ పాలు తీసుకెళ్లింది గొల్లభామ ఆనందవల్లే కదా. అసలు సమస్య ఎండ. మాచర్ల దగ్గర రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వార్తల్లో వింటూనే ఉంటాం. చీజ్ మాగాలంటే నెలల తరబడి చల్లటి చోటు కావాలి. ఆ ఎండలో ఎక్కడ పెడతాం? అందుకే మనవాళ్లు పాలు తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి, నెయ్యి కాచారు. నీళ్లన్నీ ఇగిరిపోతాయి కాబట్టి నెయ్యి ఫ్రిజ్ లేకపోయినా నిలుస్తుంది. స్కూల్లో చీజ్ అంటే జున్ను అని చెప్పారు గానీ, మన జున్ను ఈనిన గేదె మొదటి పాలతో చేసి వెంటనే తినేసేది. దాచుకునేది కాదు.

ఇక పొయ్యి వెలిగించకుండా ఉండ చేయాలంటే మనకి నువ్వులున్నాయి. నువ్వు గింజలో దాదాపు సగం నూనే. బెల్లం వేసి రోట్లో దంచుతుంటే ఆ నూనె బయటికొచ్చి, బెల్లం జిగురుతో కలిసి ముద్దవుతుంది. పాకం పట్టక్కర్లేదు. అదే చిమ్మిలి. నానబెట్టిన బియ్యం తడిపిండిలో బెల్లం కలిపితే పచ్చి చలిమిడి. కార్తీక శుద్ధ చవితి, అంటే నాగులచవితినాడు ఈ రెండూ, పచ్చిపాలూ పట్టుకుని పుట్ట దగ్గరికి వెళ్తాం. శ్రీరామనవమి వడపప్పు, పానకం కూడా పొయ్యి ఎక్కనివే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నిప్పు తగలకపోవడానికి మన సమాజంలో ఇంకో అర్థం కూడా ఉండేది. కులం లెక్కల్లో అన్నిటికన్నా గట్టి కట్టుబాటు వండిన అన్నానికే. ఎవరు వండితే ఎవరు తినాలి, ఎవరి పక్కన కూర్చోవాలి అన్నదంతా అక్కడే. స్వయంపాకం పేరుతో బియ్యం, పప్పు, కూరగాయలు పచ్చివే ఇచ్చే ఆచారం గుర్తుందా? పచ్చి సరుకైతే తీసుకోవచ్చు, అవతలివాళ్లు వండిన అన్నం మాత్రం తినకూడదు. అదీ లెక్క.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నాగులచవితికి నా క్లాస్‌మేట్ మా ఇంటికొచ్చాడు. నాయనమ్మ గుమ్మం దగ్గరే నిలబెట్టి, ప్రేమగానే రెండు చిమ్మిలి ఉండలు చేతిలో పెట్టింది. నేను లోపలికెళ్లి తినేసి వచ్చాను. మొన్న ఈ ఎపిసోడ్ గురించి చెప్తే వాడు నవ్వాడు. "చిమ్మిలి బాగుందిరా. కానీ లోపలికి రమ్మనలేదుగా" అన్నాడు. పదిహేనేళ్లు దాటింది. వాడు మర్చిపోలేదు. నేను అసలు గమనించనేలేదు.

ఆ మాట విన్నాక నాకు చాపకూడు కొత్తగా అర్థమైంది. 12వ శతాబ్దంలో మాచర్ల వైపు నిలిచిన బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని పల్నాటి వీరగాథ చెబుతుంది. ఆయన సేనాని మాల కన్నమదాసు. ఇందులో పాయింట్ ఏంటంటే, ఆయన అందరికీ తలా ఒక బెల్లం ముక్క పంచి పంపేయలేదు. గొడవంతా ఎక్కడుందో ఆ అన్నాన్నే మధ్యలో పెట్టాడు. చాపకూడు అన్న పేరులోనే కూడు ఉంది చూడండి.

ఇప్పటికీ కార్తీక అమావాస్య నుంచి కారంపూడిలో, నాగులేరు ఒడ్డున, వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. మందపోరు రోజున చాపకూడు ఉంటుంది. అంటే కార్తీకం మొదట్లో చిమ్మిలి, ఆ నెల దాటగానే చాపకూడు.

మీరు కూడా ఈ న్యూ ఇయర్‌కి బైట్స్ చేయండి. క్రీమ్ చీజ్ ఖరీదెక్కువ అనిపిస్తే, గట్టి పెరుగు పల్చటి గుడ్డలో మూటకట్టి, కింద గిన్నె పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. నీళ్లన్నీ దిగిపోయాక ఉప్పు, మిరియాలు, పచ్చిమిర్చి తురుము కలిపి, ఉండలు చేసి, వేయించిన నువ్వుల్లో దొర్లించండి. చల్లగా ఉన్నప్పుడే తినేయాలి.

నేనూ చేస్తున్నాను. జనవరి 1న వాడు కుటుంబంతో మా ఇంటికొస్తున్నాడు. బైట్స్ స్టార్టర్ మాత్రమే. తర్వాత లోపల, అందరం కింద చాప వేసుకుని అన్నం తింటాం. నాయనమ్మకి ముందే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎంతమంది వస్తారు, ఎన్ని గ్లాసుల బియ్యం పొయ్యాలి?" అని అడిగింది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.