వలల రక్షణము: ఎండ, కషాయము, నైలాను

మానవుడు వల అల్లనేర్చిన కాలమునకును, దానిని కుళ్ళకుండ కాపాడనేర్చిన కాలమునకును నడుమ పెద్ద యెడము ఉండి యుండదు. నారతోగాని నూలుతోగాని అల్లిన వల నీట నాని, చేపల జిగురు పట్టి, తడితడిగా కుప్పపడి యున్నచో, కంటికి కానరాని సూక్ష్మజీవులు అందలి పీచును తినివేయును. పురాతనములైన వలలు మనకు దొరకుట అరుదగుటకు ఇదియే హేతువు. 1913లో, నాడు ఫిన్లాండునకు చెందియున్న కరేలియా భూసంధిలో, విల్లో చెట్టు నారతో అల్లిన వల శకలములు బయల్పడినవి. వాని వయస్సు సుమారు 10,000 ఏండ్లని పండితులు నిర్ణయించిరి. నీటి అడుగుమట్టిలో గాలి సోకక దిగబడియుండుట చేతనే అవి నిలిచినవి గాని, ఒడ్డున మిగిలియుండిన యెడల కొద్ది ఋతువులలోనే మన్నయిపోయి యుండెడివి.

కుళ్ళునకు మొదటి విరుగుడు ఎండ. బైబిలునందలి యెహెజ్కేలు ప్రవక్త తూరు మహానగరపు వినాశమును చెప్పుచు, అది వలలు ఆరవేసికొను చోటగునని శపించెను. అనగా వలలకు ప్రత్యేకమైన ఆరుబయలు ఉండుట ఆనాటికే లోకవిదితమైన సంగతి. మన కోస్తాతీరమున అలివివలను లాగిన పిమ్మట జాలరులు దానిని మరల అలలలో జాడించి, చిక్కుకొన్న నాచును, పీతలను, ముళ్ళను ఏరివేసి, ఇసుకపై బారుగా పరచి, పైభాగము ఆరినంతనే తిరగవేయుదురు. విసురువలనైతే కఱ్ఱకు వ్రేలాడదీసినచో చాలును. చూచువారికి విశ్రాంతివలె తోచు ఈ పని వేటలో సగభాగమనుట అతిశయోక్తి కాదు. వరుసగా ముసురు పట్టిన దినములలో ఆరని నూలువలను కుప్పగా వదలినచో లోపల వేడి పుట్టి, పైకి ఏ మార్పును కానరాకుండగనే దారము సత్తువ కోల్పోవును. బరువైన చేపల గుంపు పడినప్పుడు ఆ వల చినిగిపోయి, వారములనాటి శ్రమయంతయు సముద్రము పాలగును.

ఎండ ఒక్కటియే చాలదని గ్రహించి మనవారు కషాయముల నాశ్రయించిరి. చింతపిక్కలను దంచి, పెద్ద కాగులలో నీటితో మరిగించి, ఎఱ్ఱగా దిగిన ఆ కషాయములో వలను ముంచి నానబెట్టి, పిమ్మట ఆరబెట్టుట తూర్పుతీరమున చిరకాలముగా సాగిన ఆచారము. పిక్క పైపొట్టులోని వగరు పదార్థము దారమునకు పట్టి సూక్ష్మజీవులను అడ్డగించును. ఆ వగరు నీటిలో క్రమముగా కరగిపోవును గనుక ఈ సంస్కారమును మాటిమాటికి చేయవలసియుండెను. బెంగాలువారు ఇదే ప్రయోజనమునకై తిందుకఫలముల రసమును, హిందూమహాసముద్ర తీరములలో పలుచోట్ల మడచెట్ల పట్టను వాడిరి. ఎవరి పెరటి చెట్టును వారు పరీక్షించుకొని, ఒకరి నొకరు ఎరుగకయే ఒక్క సూత్రమునకు చేరుకొనిన ఈ ప్రజావిజ్ఞానమును రసాయనశాస్త్ర చరిత్రకారులు తగినంతగా గౌరవింపలేదని నా అభిప్రాయము.

ఐరోపాలో ఓకు పట్టతో ఆరంభమైన ఈ పద్ధతి పందొమ్మిదవ శతాబ్దిలో మన కాచువైపు మరలినది. చండ్ర చెట్టు చేవను ముక్కలు చేసి ఉడికించి గట్టిపరచిన కాచు మనకు తాంబూలద్రవ్యము. బర్మానుండి ఓడలలో తరలిపోయిన ఆ కాచే బ్రిటిషు రేవులలోని కాగులలో మరిగి హెరింగు వలలను ఎఱుపెక్కించినది. కాచు పట్టిన వలను అమ్మోనియా కలిపిన మైలుతుత్తపు ద్రావణములో ముంచినచో వగరు నిలుకడగా పట్టునను ఓలీ పద్ధతి అటుపిమ్మట వచ్చినది. ఇంగ్లండులోని ప్లిమతు పరిశోధనశాలలో ఆట్కిన్సు అను శాస్త్రజ్ఞుడు రాగి లవణములతో అనేక ప్రయోగములు సాగించెను. మరియొక పద్ధతియైన తారు పూత గట్టిదే గాని వలను బిరుసుగాను బరువుగాను చేయును. మన దేశమున 1957లో కొచ్చిలో నెలకొన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మునుపు చెప్పిన దేశవాళీ కషాయములను శాస్త్రీయముగా పరీక్షించుటకు పూనుకొన్నది.

అదే సంవత్సరమున హాంబర్గు నగరమున జరిగిన అంతర్జాతీయ మత్స్యసాధనముల మహాసభలో అందరి దృష్టియు కృత్రిమతంతువులపై నిలిచినది. 1935లో రసాయనజ్ఞుడు కరోథర్సు సృష్టించిన నైలాను కుళ్ళదు. దానికి చింతపిక్కలతోగాని కాచుతోగాని పనిలేదు. తరువాతి దశాబ్దులలో మన తీరమునందును నూలువలలు మాయమై, వానితోబాటే తీరమున కషాయపు కాగులును చల్లారినవి. అయినను కొత్త దారమునకు కొత్త శత్రువు కలదు: యుగములనుండి వలకు రక్షకుడైన సూర్యుడే నైలానును క్షీణింపజేయువాడు. అతినీలలోహిత కిరణములకు దాని అణుబంధములు తెగిపోవును. దారమెంత సన్ననిదైన అంత త్వరగా బలము తగ్గును. కాన వలను మంచినీట కడిగి నీడలో ఆరబెట్టవలయునని శాస్త్రజ్ఞులు బోధింపవలసివచ్చినది. తాతల కాలమున ప్రాణప్రదమైన అలవాటును మనుమలు విడువవలసివచ్చుట సామాన్యమైన మార్పు కాదు.

వలలవలెనే చేపలు మోయు సాధనములకును శుభ్రత ముఖ్యము; అయితే వాని శుభ్రతకు సంబంధించిన కథ ఇంత దీర్ఘమైనది కాదు. వెదురుగంపల సందులలో చేరిన జిగురును పూర్తిగా కడుగుట దుస్సాధ్యము. నున్నని ప్లాస్టికు పెట్టెలు, మంచుపెట్టెలు వచ్చిన పిదప ఆ కష్టము తగ్గినది. 1997లో ఐరోపా సమాజము పరిశుభ్రతాలోపమును చూపి మన సముద్రాహార దిగుమతిని కొంతకాలము నిషేధించిన పిమ్మటనే ఎగుమతిశాలలలో బల్లలు, పెట్టెలు, కత్తులు క్లోరినునీట కడుగు నియమము కట్టుదిట్టమైనది.

మరల వలల మాటకు వచ్చినచో, నైలానుకు ఎండ పనికిరాకున్నను బయలు అక్కరలేకపోలేదు. వలను పరచనిదే చిరుగు కానరాదు, చెత్త రాలదు. తీరమున రహదారులు, విహారస్థలములు వెలయుచుండగా జాలరుల ఇసుకబయలు ఏటేట కుంచించుకొనిపోవుచున్నది. 2011 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన చేపలు ఎండబెట్టు కళ్ళములను, వలలు బాగుచేయు స్థలములను మత్స్యకారుల అవసరములుగా పేర్కొని అనుమతించినది. పల్లెపల్లెకును ఆ స్థలములను కొలిపించి, హద్దులు నిర్ణయించి, గ్రామపటములలో ఎక్కించు పనిని అధికారులు జాగుసేయక చేపట్టవలసియున్నది.