వంటగట్టు గ్రానైట్‌కు ఆధారం
వంటగట్టు మీది గ్రానైట్ పలక బరువును గోడలకు, నిలువు బండలకు చేర్చే కట్టడమే గట్టు ఆధారం. గట్టు అడుగున పరిచే కడప బండ సున్నపురాయి. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు మీటరుకు సుమారు 54 కిలోలు తూగుతుంది. ఈ రాయి నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, వంపును ఓర్చుకోదు. అందుకే అడుగున ఖాళీ ఉన్నచోట, ముఖ్యంగా సింకు కోతకు ముందూ వెనకా మిగిలే సన్నని పట్టీల దగ్గర పగులుతుంది. అడుగుబండపై సిమెంటు మాలు ఖాళీ లేకుండా పరచి, మట్టం చూసి పలకను కూర్చోబెట్టాలి. సింకుకు ఇరుపక్కలా నిలువు బండ తప్పనిసరి. ఆధారం దాటి ముందుకు వచ్చే అంచు సాధారణంగా 20 మిల్లీమీటర్ల పలకకు 150, 30 మిల్లీమీటర్ల పలకకు 250 మిల్లీమీటర్లు మించితే ఇనుప బ్రాకెట్ అవసరం.