సీరీస్ బల్బు పరీక్ష

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలయ్యాక, ఎడమ కాలువ కింది నేరేడుచర్ల, మిర్యాలగూడ ప్రాంతాల్లో వరి విస్తరించి, దాని వెంట రైస్ మిల్లులు, కరెంటు మోటార్లు, కాలిన తీగను తీసి కొత్త తీగ చుట్టే వైండింగ్ పని పెరిగాయి. ఈ వృత్తిలో అత్యంత విలువైన పనిముట్టు మామూలు ఫిలమెంటు బల్బే. సొంతంగా మోటారు డ్రైవ్‌కు, అంటే మోటారును నడిపే సర్క్యూట్‌కు, సరఫరా కట్టదలచినవారు కూడా దీన్నే వాడి, పాత ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీని, అంటే కరెంటు లోనికొచ్చే చుట్టను, 230 వోల్టులకు బల్బు ద్వారా వరుసలో కలుపుతారు. సెకండరీకి, అంటే కరెంటు బయటికొచ్చే చుట్టకు, ఏమీ కలపకపోయినా బల్బు నిండుగా వెలిగితే లోపల షార్టున్నట్టు లెక్క. బల్బు వెలగనంత మాత్రాన ట్రాన్స్‌ఫార్మర్ బాగున్నట్టు కాదు; చుట్ట తెగినా అది వెలగదు కనుక, సెకండరీ వోల్టేజిని కొలిచాకే నమ్మాలి. 50 వోల్టుల ఏసీని డయోడ్లతో డీసీగా మార్చి కెపాసిటర్ కలిపితే దాదాపు 70 వోల్టులవుతుంది కాబట్టి, డ్రైవ్ ఓర్చుకునే పరిమితినీ ముందే చూడాలి.